నిద్రలో ఆగే ఊపిరి - చిక్కబడే రక్తం - పక్షవాతం

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17వ తేదీ మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పెన్షను యజమాని దయతలచి ఇచ్చే ముష్టి కాదు, చేసిన సేవకు ఉద్యోగి పొందే హక్కు అని తేల్చింది. ఏటా ఈ సభలో మనం డి.ఆర్. గురించి, పి.ఆర్.సి. బకాయిల గురించి మాట్లాడుకుంటాం. అవి మాట్లాడుకోవలసిన విషయాలే. అయితే హక్కును అనుభవించడానికి ముందు మనిషి ఉండాలి గదా! అందుచేత అధ్యక్షులవారు ఈసారి ఆరోగ్యం మీద ఒక అరగంట మాట్లాడమని నన్ను ఆదేశించారు.

నేను డాక్టరును కాను. తాలూకా కచేరీలో చేరి, 1985లో మండలాలు వచ్చాక మండల ఆఫీసులో కూర్చుని, ముప్పై ఆరేళ్ళు కాగితాలు చూసిన గుమాస్తాను. కాగితం మీద ఒక అంకె ఉండవలసినదానికన్నా ఎక్కువ కనబడితే 'ఎందుకు పెరిగింది?' అని అడగడం మా వృత్తిధర్మం. రక్తపరీక్ష కాగితం చూసినా నాకు అదే ప్రశ్న వస్తుంది. డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్న నాలుగు మాటలు మీ ముందు ఉంచుతాను. మందులు చెప్పను. ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళాలో, ఏమి అడగాలో మాత్రం చెబుతాను.

మన ప్రాంతంలో రెండు మాటలు మెచ్చుకోలుగా వాడుతుంటాం. ఒకటి: "ఆయనకేమండీ, మంచం ఎక్కితే చాలు, గురకపెట్టి హాయిగా నిద్రపోతాడు." రెండోది: "ఈ వయసులో కూడా ఒంట్లో రక్తం పుష్కలంగా ఉంది." ఈ రెండు మాటలూ ఒకే మనిషిని గురించి అంటుంటే, ఆ మనిషిని ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. నా ప్రసంగ సారాంశం ఇంతే. ఎందుకో ఇప్పుడు మనవి చేస్తాను.

నా మిత్రుడొకాయన ఉన్నాడు. పేరు చెప్పను. డివిజను మొత్తంలో ఆయన దస్తూరి అంత అందమైనది ఇంకొకటి లేదు. రిటైరయ్యాక కాస్త ఒళ్ళు చేశాడు. పగలు పేపరు పట్టుకుని కుర్చీలో కూర్చుంటే ఐదు నిమిషాల్లో తల వాలిపోయేది. బి.పి.కి మూడు రకాల బిళ్ళలు వేసినా అదుపులోకి రాలేదు. రాత్రి మూడు నాలుగుసార్లు లేవవలసి వచ్చేది. అన్నింటికీ వయసు మీద నెపం పెట్టాం. ఒక ఉచిత వైద్య శిబిరంలో రక్తం చూస్తే హిమోగ్లోబిన్ 17.8 వచ్చింది. అక్కడున్న అందరూ "మీకేమండీ, కుర్రవాడి రక్తం" అన్నారు. ఆ కాగితం బీరువాలో భద్రంగా దాచుకున్నాడు. ఏడాది తిరిగేసరికి ఒకనాడు తెల్లవారుజామున లేవబోతే కుడిచెయ్యి లేవలేదు. మూతి వంకర తిరిగింది. మాట ముద్దగా వచ్చింది.

ఆసుపత్రిలో నరాల డాక్టరుగారు ఆయన భార్యను, మా వదినగారిని, ఒక ప్రశ్న అడిగారు. "అమ్మా, నిద్రలో ఈయన ఊపిరి ఆగినట్టు మీరెప్పుడైనా గమనించారా?" ఆవిడ అన్నమాట నేను పక్కనే ఉండి విన్నాను. "పదేళ్ళనుంచి చూస్తున్నానండీ. గురకపెడుతూ పెడుతూ ఉన్నట్టుండి ఆగిపోతుంది. నేను లేచి కూర్చుని ఆయన గుండె వంకే చూస్తుంటాను. కాసేపటికి ఉలిక్కిపడినట్టు పెద్దగా ఊపిరి తీసుకుంటారు. అప్పుడు పడుకుంటాను. నన్నెవరూ అడగలేదండీ, అందుకని నేనెవరికీ చెప్పలేదు."

పదేళ్ళపాటు రాత్రుళ్ళు కాపలా కాసిన సాక్షి ఇంట్లోనే ఉంది. సాక్ష్యం అడిగినవాళ్ళు లేరు. తరువాత నిద్ర పరీక్ష చేస్తే గంటకు నలభైకి పైగా సార్లు ఊపిరి అడ్డుపడుతున్నట్టు తేలింది. ఆయన ఇప్పుడు కర్ర ఊతంతో నడుస్తున్నాడు. అంతటి దస్తూరి ఉన్న మనిషి పెన్షను కాగితాల మీద వేలిముద్ర వేస్తున్నాడు.

ఇక జబ్బు సంగతి. దీనిని స్లీప్ ఆప్నియా అంటారు. అంటే నిద్రలో ఊపిరి ఆగడం. చేనుకు నీళ్ళు పెట్టే పలచటి ప్లాస్టిక్ పైపు మీరంతా చూసే ఉంటారు. మోటారు నడిచినంతసేపు గుండ్రంగా ఉబ్బి ఉంటుంది, మోటారు ఆగితే చదునుగా అతుక్కుపోతుంది. మన గొంతు వెనుక భాగం కూడా మెత్తటి కండరాలతో చేసిన గొట్టమే. మెలకువగా ఉన్నప్పుడు ఆ కండరాలు బిగువుగా ఉండి దారి తెరిచి ఉంచుతాయి. నిద్రపడితే సడలుతాయి. దారి సన్నబడితే గాలి ఒరుసుకుంటూ వెళ్ళడంవల్ల గురక వస్తుంది. పూర్తిగా మూసుకుపోతే గురక కూడా ఆగిపోతుంది. అప్పుడు ఇంట్లోవాళ్ళు "అమ్మయ్య, గురక ఆగింది, ఇప్పుడు బాగా నిద్రపట్టింది" అనుకుంటారు. నిజానికి భయపడవలసింది ఆ నిశ్శబ్దానికే.

పది సెకన్లు లేదా అంతకుమించి ఊపిరి ఆగితే దానిని ఒక ఆపుగా లెక్కవేస్తారు. ఊపిరి బాగా తగ్గి, రక్తంలో ఆక్సిజన్ పడిపోయినా లెక్కలోకి వస్తుంది. గంటకు ఐదులోపు ఉంటే దోషం లేదు. ఐదునుంచి పదిహేను వరకు స్వల్పం, పదిహేనునుంచి ముప్పై వరకు మధ్యరకం, ముప్పై దాటితే తీవ్రం. ప్రతిసారీ మెదడు ప్రమాదం గ్రహించి నిద్రను ఒక్క క్షణం చెడగొట్టి ఊపిరి పీల్పిస్తుంది. మనిషికి అది గుర్తుండదు. రాత్రంతా ఎనిమిది గంటలు పడుకున్నానని అనుకుంటాడు, పగలు కునికిపాట్లు పడుతుంటాడు.

ఇది అరుదైన జబ్బు కాదు. 2004లో బొంబాయిలో 35నుంచి 65 ఏళ్ళ మగవారిమీద జరిపిన పరిశోధనలో, పగటి నిద్రమత్తుతో కూడిన ఈ జబ్బు నూటికి ఏడున్నర మందిలో కనబడింది. సంగీత దర్శకుడు బప్పీలహరి మనకు తెలిసినవారే. సింహాసనం, గ్యాంగ్ లీడర్ సినిమాల పాటలు మన పిల్లలంతా పాడుకున్నారు. 2022 ఫిబ్రవరిలో 69వ ఏట ఆయన కన్నుమూసినప్పుడు, కారణం ఈ జబ్బేనని ఆయనకు వైద్యం చేసిన ఆసుపత్రివారు ప్రకటించారు. ఆ పేరు మనలో చాలామంది మొదటిసారి విన్నది అప్పుడే.

గొంతులో జరిగేదానికీ, రక్తానికీ సంబంధం ఏమిటని మీరు అడగవచ్చు. ఆఫీసు భాషలో చెబుతాను. శరీరంలో ఆక్సిజన్ సరఫరా చేసే వాహనాలు ఎర్ర రక్తకణాలు. సరఫరా సరిపోతున్నదా లేదా అని కనిపెట్టి ఉండే అధికారి మూత్రపిండం. ఆక్సిజన్ తగ్గినట్టు తోస్తే మూత్రపిండం ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోను విడుదల చేస్తుంది. అది ఎముక మజ్జకు పంపే ఇండెంటు వంటిది. 'ఎర్రకణాలు చాలడం లేదు, ఇంకా తయారుచేయండి' అని దాని తాత్పర్యం. మజ్జ ఆ ఇండెంటు ప్రకారం కణాలు తయారుచేస్తుంది. లోపం వాహనాల సంఖ్యలో లేదు, దారి మూసుకుపోవడంలో ఉన్నదని పాపం దానికి తెలియదు.

ఫలితం ఎలా ఉంటుంది? మిర్చి సీజనులో గుంటూరు యార్డు దగ్గరకు వెళ్ళినవారికి వేరే చెప్పనక్కరలేదు. రోడ్డు వెడల్పు అంతే. టిక్కీలు వేసుకున్న లారీలు మాత్రం రెట్టింపు. ఒకదానివెనుక ఒకటి నిలబడిపోతాయి. ఎంత ఎక్కువ లారీలు వస్తే అంత త్వరగా సరుకు దిగుతుందని ఎవరైనా అంటారా? రక్తం కూడా అంతే. ఎర్రకణాలు మోతాదు మించితే రక్తం చిక్కబడి, నెమ్మదిగా నడుస్తుంది. మెదడులోని సన్నటి నాళాల్లో ఈ నెమ్మది ప్రమాదకరం.

వైద్యులు ఈ విషయం చాలాకాలం క్రితమే గమనించారు. 1956లో అమెరికాలో బర్వెల్ అనే డాక్టరు, ఆయన సహచరులు ఒక స్థూలకాయుడి కథ ప్రచురించారు. ఆయన పేకాటలో గెలిచే ముక్కలు చేతిలో పెట్టుకుని, పందెం కాయడం మరిచి నిద్రపోయాడట! ఆ రోగి రక్తంలో ఎర్రకణాలు అధికంగా ఉన్నాయని కూడా వారు రాశారు. డికెన్స్ 1836-37లో రాసిన 'పిక్విక్ పేపర్స్' నవలలో ఎప్పుడూ నిద్రపోయే లావుపాటి కుర్రవాడు ఒకడున్నాడు. అందుకని ఆ జబ్బుకు పిక్విక్ పేరు పెట్టారు. నిద్రలో ఊపిరి ఆగడానికి ఇప్పుడున్న పేరు పెట్టింది మాత్రం 1970ల్లోనే.

ఇక్కడ ఒక జాగ్రత్త. నిద్రలో ఊపిరి ఆగే వారందరికీ హిమోగ్లోబిన్ పెరగదు. చాలామందిలో కొద్దిగానే పెరుగుతుంది. రాత్రంతా ఆక్సిజన్ బాగా పడిపోయేవారిలో, ఊపిరితిత్తుల జబ్బు కూడా ఉన్నవారిలో, బాగా స్థూలకాయులలో ఎక్కువగా పెరుగుతుంది. కాబట్టి 'నా హిమోగ్లోబిన్ 14, నాకేం భయం లేదు' అనుకోరాదు. అంకె సక్రమంగా ఉన్నా గురక, ఆపులు ఉంటే పరీక్ష చేయించుకోవలసిందే.

అలాగే హిమోగ్లోబిన్ పెరిగిన ప్రతివారికీ కారణం గురకే కానక్కరలేదు. మగవారిలో 16.5, ఆడవారిలో 16 దాటితే డాక్టర్లు కారణం వెతుకుతారు. రక్తపరీక్ష కాగితంలో పీసీవీ అని ఇంకొక అంకె ఉంటుంది. రక్తంలో కణాల వంతు ఎంతో అది చెబుతుంది. మగవారికి 49 శాతం, ఆడవారికి 48 శాతం దాటితే అదీ అడగవలసిన అంకే. కారణాలు నాలుగు రకాలు చెప్పుకోవచ్చు.

మొదటిది, నీరు తక్కువ కావడం. రోహిణి కార్తె ఎండల్లో ఒంట్లో నీరు ఆవిరైతే కణాలు పెరగకపోయినా రక్తం చిక్కగా కనబడుతుంది. నీళ్ళు బాగా తాగి, కొన్నాళ్ళాగి మళ్ళీ పరీక్ష చేయిస్తే తేలిపోతుంది. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు ఎన్ని నీళ్ళు తాగాలో డాక్టరునే అడగాలి.

రెండోది, పొగ. మనది పొగాకు పండే గడ్డ. చుట్ట, బీడీ, సిగరెట్టు ఏదైనా సరే, దానినుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వస్తుంది. అది ఎర్రకణాల్లో ఆక్సిజన్ కూర్చోవలసిన కుర్చీని ఆక్రమించుకుంటుంది. అప్పుడు మూత్రపిండం మళ్ళీ ఇండెంటు పంపుతుంది. పొగతాగేవారికి గొంతులో వాపు ఉండి గురక కూడా పెరుగుతుంది. అంటే రెండు దెబ్బలు.

మూడోది, ఊపిరితిత్తుల జబ్బు. జిన్నింగు మిల్లుల్లో పత్తి దుమ్ము, యార్డుల్లో మిర్చి ఘాటు ఏళ్ళ తరబడి పీల్చినవారు మన కుటుంబాల్లో ఎందరో ఉన్నారు. పగలే ఆయాసం ఉన్నవారికి రాత్రి ఊపిరి కూడా ఆగితే ఆక్సిజన్ మరింత లోతుకు పడిపోతుంది.

నాలుగోది, ఎముక మజ్జలోనే వచ్చే జబ్బు. పాలీసైథీమియా వెరా అని దాని పేరు. ఎవరూ ఇండెంటు పంపకుండానే మజ్జ తనంత తాను కణాలు తయారుచేస్తూ పోతుంది. జేఏకే2 అనే జన్యువులో వచ్చిన మార్పు దీనికి కారణమని 2005లో కనుగొన్నారు. ఇప్పుడు రక్తపరీక్షతో తెలుసుకోవచ్చు. స్నానం చేశాక ఒళ్ళంతా దురద పుట్టడం ఒక లక్షణం. దీనికి కొంత కొంత రక్తం తీసివేస్తూ పీసీవీని 45 శాతంలోపు ఉంచుతారు. అలా ఉంచినవారిలో గుండెపోటు, పక్షవాతం వంటివి బాగా తగ్గాయని 2013లో ప్రచురించిన పరిశోధన చెప్పింది. ఈ వైద్యం ఆ జబ్బుకు. గురకవల్ల పెరిగినదానికి అసలు వైద్యం ఊపిరి దారి తెరవడమే.

ఇంకొక రక్తపు జబ్బు గురించి ఒక్కమాట. ఏజెన్సీ ప్రాంతాల గిరిజనుల్లో సికిల్ సెల్ అనే వంశపారంపర్య వ్యాధి ఉంది. ఆక్సిజన్ తగ్గితే ఆ ఎర్రకణాలు కొడవలి ఆకారంలో వంగి నాళాలకు అడ్డుపడతాయి. ఆ వ్యాధి ఉన్న పిల్లలకు టాన్సిల్స్ పెరిగి గురక వస్తుంటే అశ్రద్ధ చేయరాదు. పిల్లల్లో కూడా పక్షవాతం తెచ్చే జబ్బు అది.

రక్తం చిక్కబడడం ఒక్కటే కాదు. ఊపిరి ఆగిన ప్రతిసారీ శరీరం అపాయం వచ్చినట్టు కంగారుపడుతుంది. బి.పి. ఒక్కసారిగా లేస్తుంది. మామూలు మనిషికి రాత్రి నిద్రలో బి.పి. కొంత తగ్గి, నాళాలకు విశ్రాంతి దొరుకుతుంది. వీరికి ఆ సెలవు దొరకదు. రక్తంలో గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు జిగురెక్కుతాయి, ఫైబ్రినోజన్ అనే పదార్థం పెరుగుతుంది. గుండె లయ తప్పే జబ్బు ఒకటుంది, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. అది కూడా వీరిలో ఎక్కువ. లయ తప్పిన గుండెలో రక్తం నిలిచి గడ్డ కట్టి, ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం. పక్షవాతాలు ఉదయం పూట ఎక్కువగా రావడం, దాదాపు ఐదింట ఒకటి నిద్రలో వచ్చి లేచేసరికి బయటపడడం డాక్టర్లు ఎరిగిన విషయమే.

అమెరికాలో 1,022 మందిని పరిశీలించి 2005లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. వయసు, బరువు, బి.పి., చక్కెర, పొగ వంటివన్నీ లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా, ఈ జబ్బు ఉన్నవారికి పక్షవాతంగాని మరణంగాని సంభవించే అవకాశం లేనివారికన్నా దాదాపు రెండింతలని తేలింది. అంతేకాదు, పక్షవాతం వచ్చినవారికి నిద్ర పరీక్ష చేస్తే సగానికి పైగా మందిలో ఈ జబ్బు కనబడుతుంది. కాబట్టి మన బంధువుల్లో పక్షవాతం వచ్చి కోలుకుంటున్నవారుంటే, వారి గురక సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

మరి తెలుసుకోవడం ఎలా? 2008లో కెనడా డాక్టర్లు ఎనిమిది ప్రశ్నల ఫారం ఒకటి తయారుచేశారు. మనకు ఫారాలు కొత్త కాదు. గోడ అవతలికి వినబడేటంత గురక ఉందా? పగలు అలసట, నిద్రమత్తు ఉన్నాయా? నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా? బి.పి. ఉందా? బాగా స్థూలకాయమా? వయసు 50 దాటిందా? మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు మించిందా? మగవారా? ప్రతి 'అవును'కు ఒక మార్కు. మూడు వస్తే డాక్టరును అడగాలి, ఐదుగాని అంతకుమించిగాని వస్తే ఆలస్యం చేయరాదు. ఈ సభలోని మగవారికి వయసుకొకటి, మగపుట్టుకకొకటి, రెండు మార్కులు ముందే పడ్డాయి! బి.పి. బిళ్ళ వేసుకునేవారు పాసైపోయినట్టే. ఆడవారు తమకు రాదనుకోవద్దు. ముట్లుడిగిన తరువాత వారికీ ఈ జబ్బు పెరుగుతుంది. వారిలో గురకకన్నా నీరసం, తలనొప్పి, నిద్రపట్టకపోవడం ముందు కనబడవచ్చు.

ఒక విషయం ప్రత్యేకంగా మనవి చేస్తాను. పగలు నీరసంగా ఉంటే మందుల షాపులో ఐరన్ టానిక్కు కొని తాగడం మనవారి అలవాటు. హిమోగ్లోబిన్ తక్కువని పరీక్షలో తేలినవారికి డాక్టరు చెబితే ఐరన్ మంచిదే. అంకె ఎంతో చూడకుండా తాగరాదు. నీరసం రక్తలేమివల్ల కావచ్చు, నిద్రలేమివల్లా కావచ్చు. నిద్రపట్టడం లేదని నిద్రమాత్రలు మింగడం, రాత్రి మందు పుచ్చుకోవడం మరీ ప్రమాదం. అవి గొంతు కండరాలను ఇంకా సడలిస్తాయి.

పరీక్ష గురించి చెబుతాను. ఛాతీ డాక్టరుగాని, చెవి ముక్కు గొంతు డాక్టరుగాని, నరాల డాక్టరుగాని చూస్తారు. ఒక రాత్రి ఆసుపత్రిలో పడుకోబెట్టి తీగలు తగిలించి ఊపిరి, ఆక్సిజన్, గుండె, మెదడు అన్నీ నమోదు చేస్తారు. నొప్పి ఉండదు. ఇంట్లోనే పెట్టుకునే చిన్న పరికరాలు కూడా వచ్చాయి. గుంటూరు, ఒంగోలు సర్వజన ఆసుపత్రుల్లోగాని, మంగళగిరి ఎయిమ్స్‌లోగాని మొదట ఓ.పి.లో చూపించుకుని, ఈ పరీక్ష ఎక్కడ చేయించుకోవాలో అడగండి. మన హెల్త్ కార్డు మీద ఏది వర్తిస్తుంది, ఏది సొంతంగా కట్టుకోవాలి అన్నది ముందుగానే ఆసుపత్రి సహాయ కేంద్రంలో కనుక్కుంటే తరువాత బిల్లుల కోసం తిరిగే బాధ తప్పుతుంది.

వైద్యం మొదట మన చేతిలోనిదే. ఒళ్ళు తగ్గాలి. ఉన్న బరువులో పదోవంతు తగ్గితే ఆపులు సుమారు పావువంతు తగ్గుతాయని పరిశోధనలు చెబుతున్నాయి. వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకోవాలి. రాత్రి భోజనం పెందలాడే ముగించాలి. పొగ, మందు మానాలి. 2025లో జైపూరు డాక్టర్లు 30 మందితో చేసిన చిన్న పరిశోధనలో, క్రమం తప్పకుండా శంఖం ఊదినవారికి పగటి నిద్రమత్తు తగ్గిందని చెప్పారు. శంఖం ఊదడంవల్ల గొంతు కండరాలు గట్టిపడతాయట. పూజలో శంఖం ఊదేవారు సంతోషించవచ్చు. అయితే చిన్న పరిశోధన గనుక దానినే నమ్ముకుని వైద్యం మానుకోరాదు.

మధ్యరకం, తీవ్రం అయినవారికి సీపాప్ అనే యంత్రం ఇస్తారు. 1981లో ఆస్ట్రేలియాలో సలివన్ అనే డాక్టరు కనిపెట్టారు. అంతకుముందు గొంతుకు రంధ్రం చేయడం తప్ప గతి ఉండేది కాదు. ఇది ఆక్సిజన్ సిలిండరు కాదు. ముక్కుకు తొడిగిన మాస్కు ద్వారా మామూలు గాలినే కొద్ది ఒత్తిడితో పంపుతుంది. ఇందాక చెప్పిన ప్లాస్టిక్ పైపుకు మోటారు తగిలించినట్టన్నమాట. మొదటి నాలుగు రాత్రులు చికాకుగా ఉంటుంది. మాస్కు సరిగ్గా అమరకపోతే మార్పించుకోవాలి గాని, అటక మీద పడవేయరాదు. కొనేముందు అద్దెకు తీసుకుని చూడవచ్చు. కరెంటు పోయే ఊళ్ళలో ఇన్వర్టరు అవసరం.

దీని విషయంలో నిజం నిజంగా చెప్పాలి. 2016లో వెలువడిన పెద్ద పరిశోధన ఒకటి 2,717 మంది మీద జరిగింది. గుండెజబ్బుగాని, పక్షవాతంగాని ఇదివరకే వచ్చినవారు వారంతా. యంత్రం ఇచ్చినంత మాత్రాన మళ్ళీ అవి రావడం తగ్గలేదని అందులో తేలింది. అయితే వారు రాత్రికి సగటున మూడు గంటల చిల్లర మాత్రమే మాస్కు పెట్టుకున్నారు. పగటి నిద్రమత్తు తగ్గింది, మనసుకు హుషారు వచ్చింది. కాబట్టి యంత్రం తెచ్చుకున్నాం గదా అని బి.పి., షుగరు, గుండె మందులు మానివేస్తే ముప్పే. అన్నీ కలిపి చేసుకోవాలి.

ఇంత చేసినా పక్షవాతం రావచ్చు. వస్తే ఏం చేయాలి? మూతి వంకర పోయిందా, రెండు చేతులూ ఎత్తమంటే ఒకటి వాలిపోతున్నదా, మాట తడబడుతున్నదా - ఈ మూడింటిలో ఒక్కటి కనబడినా వెంటనే 108కి ఫోను చేయండి. గడ్డ కరిగించే ఇంజక్షను నాలుగున్నర గంటల్లోపు పడాలి. స్కానింగు ఉన్న పెద్దాసుపత్రికే నేరుగా వెళ్ళాలి. పసరు పోయించడానికో, నూనె మర్దనకో తీసుకువెళితే ఆ నాలుగున్నర గంటలు దారిలోనే అయిపోతాయి. నోట్లో నీళ్ళుగాని, బిళ్ళగాని వేయవద్దు. నిద్రలో వచ్చినట్టయితే రోగి చివరిసారి బాగా ఉండగా ఎన్ని గంటలకు చూశారో గుర్తుపెట్టుకుని చెప్పండి. డాక్టర్లు అక్కడినుంచే లెక్కవేస్తారు.

చివరగా అక్కలకు, వదినలకు, చెల్లెళ్ళకు ఒక విన్నపం. మేము బతికే ఉన్నామని ఏటేటా ట్రెజరీకి లైఫ్ సర్టిఫికెట్ ఇస్తుంటాం. రాత్రి పదినుంచి తెల్లవారేదాకా మా ఊపిరి ఎలా నడిచిందో సర్టిఫికెట్ ఇవ్వగలిగినవారు మీరొక్కరే. మా మాట నమ్మకండి, మాకేమీ తెలియదు, మేము నిద్రలో ఉంటాం! ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు మీరు కూడా రండి, బయట బెంచీ మీద కూర్చోకుండా లోపలికి రండి. చూసింది చూసినట్టు చెప్పండి. మనుమలు, మనుమరాళ్ళు ఉంటే సెల్‌ఫోనులో తాతగారి గురక రెండు నిమిషాలు రికార్డు చేయమనండి. నవ్వుకోవడానికి కాదు, డాక్టరుగారికి వినిపించడానికి. మీకు గురక ఉంటే ఆ మాట మమ్మల్ని అడగండి, మేమూ దాచకుండా చెబుతాం. ఒంటరిగా ఉంటున్న సభ్యులు మన సంఘంలో చాలామంది ఉన్నారు. వారికి సాక్షి ఉండరు. అటువంటివారు ఆ ఎనిమిది ప్రశ్నల్లో మిగిలినవాటికి మూడు మార్కులు వస్తే చాలు, పరీక్షకు వెళ్ళాలి.

సంఘం కార్యవర్గానికి కూడా ఒక సూచన. ఇకముందు మనం పెట్టే ఆరోగ్య శిబిరాల్లో బి.పి., షుగరుతోపాటు ఈ ఎనిమిది ప్రశ్నల ఫారం తెలుగులో అచ్చువేయించి పంచాలి. మెడ కొలవడానికి ఒక టేపు చాలు, ఖర్చు లేదు. హిమోగ్లోబిన్ తక్కువ వచ్చినవారిని ఎలా పక్కకు పిలిచి మాట్లాడుతున్నామో, ఎక్కువ వచ్చినవారిని కూడా అలాగే పిలిచి మాట్లాడాలి.